ఆ సంచిలో ఏముందో వాడికి తెలుసా?

నిన్న సాయంత్రం తిరుపతి బస్టాండు ఎదుట జెరాక్సు షాపులో ఒక పెద్దాయన తన కుమారుడి ఛార్జిషీటు ప్రతిని నా చేతికిచ్చి, "మావాడు ఆటోలో సంచి ఎక్కించుకున్నాడు సార్, లోపల గంజాయి ఉందని వాడికెట్లా తెలుస్తుంది?" అని అడిగారు.

మామూలు క్రిమినల్ కేసుల్లో నిందితుడి మనసును రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్‌దే. మాదకద్రవ్యాల కేసులకు వర్తించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం మాత్రం 35వ సెక్షన్ ద్వారా, నిందితుడికి తెలుసునని కోర్టు ముందే భావించాలని చెప్పి, తెలియదని నిరూపించుకునే బరువును అతని మీదే మోపుతుంది. చదివినవారికి ఇక ఆశ లేదనిపిస్తుంది గానీ, సరుకు అతని స్వాధీనంలో ఉన్నదన్న మూలాంశాలను ప్రాసిక్యూషన్ మొదట సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలని, ఆ తరువాతే ఈ భావన వర్తిస్తుందని 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంతకు ముందు 2002లో, లారీలో మత్తుపదార్థంగా వాడే గసగసాల పొట్టు బస్తాల మీద కూర్చొని పట్టుబడినంత మాత్రాన అవి వారి స్వాధీనంలో ఉన్నట్టు కాదని పంజాబ్ కేసులో నిందితులను విడిచిపెట్టింది.

పెద్దాయన కాగితాల్లో సరుకు 22 కిలోలు. గంజాయి 20 కిలోలు దాటితే చట్టం లెక్కలో వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష 10 ఏళ్లు, బెయిలు కూడా కష్టం. కాబట్టి నేను పంచనామానే రెండుసార్లు చదివాను. సంచి వెనుక సీటు కింద దొరికిందట. ఎక్కించిన ప్రయాణికుడు పారిపోయాడట. ఆయన కుమారుడు మామూలు బాడుగే తీసుకున్నాడా, ఆ ప్రయాణికుడితో ముందే ఫోన్లో మాట్లాడాడా అన్న ప్రశ్నలకు అందులో ఒక్క వాక్యమూ లేదు. కాల్ రికార్డులు తెప్పించమని ఆయనకు చెప్పాను.