రోడ్డు లేని ఊరు పికిన్ స్లే

పికిన్ స్లేకి వెళ్ళే దారిలో రోడ్డు ఆచోనీ రేవు దగ్గర ఆగిపోతుంది. దక్షిణ అమెరికాలోని సురినామ్ దేశ రాజధాని పారామారిబో నుంచి అక్కడిదాకా బస్సు, ఆ పైన మోటారు బిగించిన పొడవాటి చెక్క పడవ. బియ్యం బస్తాలు, డీజిల్ డ్రమ్ములు, చంటిపిల్లల తల్లులు, అందరం ఒకటే పడవలో. సురినామ్ నదిలో బండల మీదుగా నీళ్ళు ఉరికే చోట ముందున్న కుర్రాడు గడకర్ర వేసి దారి చూపిస్తాడు, వెనకాయన మోటారు తిప్పుతాడు. ఈ బండలే ఒకప్పుడు ఈ ఊళ్ళవాళ్ళని తరిమి వచ్చిన సైన్యాల నుంచి కాపాడాయి.

వీళ్ళు సరమాకా మరూన్లు. డచ్చివారి తోటల్లో బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లు తప్పించుకుని ఈ అడవిలోకి వచ్చారు, తరిమిన సైన్యాలతో ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 1762లో డచ్చివారు సంధికి దిగారు. సురినామ్‌లో బానిసత్వం రద్దయింది 1863లో. అంటే అంతకు నూరేళ్ళ ముందే వీళ్ళు తమ పెద్దల మాట మీద, తమ ఊళ్ళలో బతుకుతున్నారు. ఈ రెండు తేదీల మధ్య దూరం తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

ఊళ్ళో నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది వరి. ఇక్కడ వరికి మడి లేదు, నీళ్ళు పెట్టడం లేదు. అడవిలో కొంత మేర నరికి, కాల్చి, వానల మీద పండిస్తారు. అచ్చం మన పోడు. కోత ఆడవాళ్ళ పని, చిన్న కత్తితో వెన్ను వెన్నూ కోస్తారు. చెక్క రోట్లో దంచి, చేటతో చెరుగుతారు. తోటల నుంచి పారిపోయిన ఆడవాళ్ళు జుట్టులో వడ్లు దాచుకుని తెచ్చారని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. కొన్ని రకాల వరికి ఆ పూర్వీకురాళ్ళ పేర్లే ఉన్నాయి. నేను బస చేసిన ఇంటి పెద్దావిడ రోకలి ఆపకుండానే ఆ కథ చెప్పింది, గైడు నాకు అర్థం చెప్పాడు. ఆ అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు మాట రాలేదు.

చేదు రకం కర్రపెండలం కూడా పండిస్తారు. అందులో విషం ఉంటుంది. తురిమి, అల్లిన పొడవాటి గొట్టంలో కూరి, ఆ విషపు రసమంతా పిండేసి, పెద్ద ఇనప పెనం మీద రొట్టె కాలుస్తారు.

నేనున్నప్పుడు చీకటి పడ్డాక జనరేటర్ కొన్ని గంటలే నడిచేది. కిందివైపు ఇదే నది మీద ఆఫొబాకా డ్యామ్ ఉంది. 1960లలో అల్యూమినియం పరిశ్రమకి కరెంటు కోసం కట్టారు. సుమారు 6,000 మంది మరూన్ల ఊళ్ళు అందులో మునిగాయి. ఊళ్ళు పోగొట్టుకున్న జాతికి ఆ కరెంటు అందకపోవడం నాకు చాలా అన్యాయంగా అనిపించింది.

తర్వాత కలప కంపెనీలు వచ్చాయి. సరమాకాలు కేసు వేశారు, 2007లో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం వీళ్ళ పక్షాన తీర్పిచ్చింది, వీళ్ళ భూమికి హక్కు గుర్తించమంది. ఇన్నేళ్ళయినా ఆ హక్కు చట్టంగా రాలేదని ఊరిపెద్ద బాధపడ్డారు.

"మీ దేశంలో అడవి మనుషులకి కాగితాలిచ్చారా?" అని అడిగారాయన. 2006 అటవీ హక్కుల చట్టం గురించి, పోడు పట్టాల గురించి, ఇంకా ఎదురుచూస్తున్నవాళ్ళ గురించి చెప్పాను. "మనిషికి ఇస్తారా, ఊరికి ఇస్తారా?" అన్నారు. చట్టంలో రెండూ ఉన్నాయన్నాను. ఇక్కడ భూమి ఏ ఒక్కరిదీ కాదు, తల్లి వైపు వంశాలది. మాకైతే అందరికీ కలిపి ఒకటే కాగితం కావాలి అన్నారాయన.