కట్ ఫిల్ము కడిగిన చలికాలం

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపిన పెద్దాయన, నేను బాబాయి గారని పిలిచే మనిషి, ఇల్లు మారుతూ, అటక మీది సామాను దింపడానికి సాయం రమ్మని పోయిన నవంబరులో నన్ను పిలిచారు. విరిగిన స్టాండ్లు, ఎండిపోయిన అట్టపెట్టెలు, బొద్దింకలు కొట్టేసిన నల్లగుడ్డ దిగిన తరువాత, అన్నిటికంటే అడుగున 4×5 అంగుళాల ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4 బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము పెట్టె ఒకటి బయటపడింది. పెట్టె మీద వేసిన గడువు 1989తో ముగిసింది. సీలు ఎప్పుడో తీశారు, అయితే లోపలి కవరు మడత మాత్రం గట్టిగానే ఉంది. దాన్ని నాకిమ్మని అడిగితే ఆయన నవ్వి, "అయ్యి ఇంకేటి పనికొస్తాయి బాబూ? హైపోలో పడేసి, ఎండి తీసుకునేవోడికి ఇచ్చీడమే" అన్నారు. హైపో అంటే ఫిల్ములో మిగిలిపోయిన వెండి లవణాన్ని కరిగించే ద్రావణం, వాడేసిన పాత హైపోను వెండి కోసం కొనుక్కుపోయేవాళ్లు ఆ రోజుల్లో స్టూడియోల చుట్టూ తిరిగేవారట. నేను మాత్రం పెట్టెను సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాను.

మన వైపు ఫిల్మును డెవలప్ చేయించడాన్ని "కడిగించడం" అనే అంటారు. రోల్ ఫిల్మును "రీలు" అనీ, విడి పలకలుగా వచ్చే ఈ షీట్ ఫిల్మును "కట్ ఫిల్ము" అనీ బాబాయి గారి తరం పిలిచేది. గడువు తీరిన ఫిల్ముతో ప్రయోగం చేయదలచినవారికి రీలుకంటే కట్ ఫిల్మే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే రీలును ఒక్కసారే మొత్తం కడగాలి, తప్పు జరిగితే మొత్తం పోతుంది. కట్ ఫిల్మును ఒక్కొక్క షీటుగా కడిగి, మొదటి షీటు నేర్పిన పాఠాన్ని రెండో షీటుకు వాడుకోవచ్చు. చీకట్లో వేలితో లెక్కపెడితే పెట్టెలో 21 షీట్లున్నాయి. అందులో మొదటి నాలుగింటిని పరీక్షలకే పోగొట్టుకోవాలని ముందే నిశ్చయించుకున్నాను.

ఫిల్ము ముసలిదైతే జరిగేవి ముఖ్యంగా రెండు. వెలుతురు తగలకపోయినా వేడి, తేమ, గాలిలోని ఆవిర్లు, భూమి నుంచీ ఆకాశం నుంచీ సహజంగా వచ్చే రేడియేషన్ కలిసి వెండి లవణపు రేణువులను కొద్దికొద్దిగా డెవలపర్‌కు, అంటే బొమ్మను నల్లగా తేల్చే మందుకు, లొంగేలా చేస్తాయి. కడిగినప్పుడు ఆ రేణువులు కూడా నల్లబడి షీటంతా బూడిద పొర కమ్ముతుంది, దాన్నే ఫాగ్ అంటారు. రెండోది, అసలు వెలుతురుకు స్పందించే చురుకుదనం తగ్గిపోవడం. ఆ చురుకుదనాన్నే వేగం అంటారు. వేగం ఎక్కువున్న ఫిల్ములు ముందుగా చెడతాయి, మందకొడివి నిలదొక్కుకుంటాయి. 125 వేగమున్న ఎఫ్‌పీ4 మధ్యస్థంగా మందకొడిదే కనుక ఆశ ఉన్నది. కానీ ఈ పెట్టె ఉన్నది చల్లని గదిలో కాదు, విజయనగరం రేకుల కప్పు కింది అటక మీద, ముప్పై అయిదు ఏప్రిల్, మే నెలలు చూసిన చోట.

పదేళ్లకు ఒక స్టాప్ చొప్పున, అంటే ప్రతి పదేళ్లకూ రెట్టింపు చేస్తూ, ఎక్కువ వెలుతురు ఇవ్వమని అందరూ చెప్పే లెక్క ఒకటుంది. ఆ లెక్క పెట్టె ఎక్కడ బతికిందో ఎరగదు కనుక, దాన్ని మొదలుగా తీసుకోవచ్చునే కాని నమ్మి కూర్చోరాదు. నా కెమెరా కేరళలోని అలెప్పీలో తయారైన వాగీశ్వరి, హాఫ్ ప్లేటు సైజు టేకు పెట్టె. గాజు పలకల కోసం చేసిన దాని డార్క్ స్లైడులో, అంటే వెలుతురు చొరకుండా పలకను పట్టి ఉంచే చెక్క అరలో, 4×5 షీటు ఇమిడేలా కంటోన్మెంటులోని వడ్రంగి చేత చట్రం చేయించాను. లెన్సుకు షట్టరు లేదు, మూత తీసి సెకన్లు లెక్కపెట్టి మళ్లీ మూత పెట్టడమే. వేగం చచ్చిన ఫిల్ముకు ఇంతకంటే తగిన కెమెరా ఉండదేమో.

పరీక్ష ఇలా చేశాను. పెరట్లో నీడగా ఉన్న గోడకు ఒక తెల్ల తువాలు, ఒక నల్ల గొంగడి పక్కపక్కన వేలాడదీసి, లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 64కు, అంటే బాగా సన్నగా, మూశాను. ఆ వెలుతురులో 125 వేగపు కొత్త ఫిల్ముకు 1 సెకను చాలు. డార్క్ స్లైడు మూతపలకను మొత్తం లాగకుండా చివర ఒక పట్టీని కప్పే ఉంచి, 1 సెకను ఇచ్చాను. పలకను ఒక అంగుళం లోపు తోసి ఇంకో సెకను, మళ్లీ తోసి 2, ఆ తరువాత 4, ఆఖరున 8 సెకన్లు ఇచ్చాను. ఒకే షీటు మీద 1, 2, 4, 8, 16 సెకన్ల పట్టీలు అయిదూ, వెలుతురు ముఖమే చూడని పట్టీ ఒకటీ ఏర్పడ్డాయి. పరీక్షకు ప్రాణం ఆ ఆరో పట్టీయే, ఎందుకంటే అందులో కనిపించే నలుపంతా అచ్చంగా ఫాగే.

రసాయనాల సంగతి త్వరగా చెప్పేస్తాను. విశాఖపట్నంలోని ల్యాబ్ సామాను దుకాణం నుంచి తెచ్చుకున్నవాటితో డీ-76 అనే డెవలపర్ ఇంట్లోనే కలుపుకున్నాను: లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బొరాక్స్ 2 గ్రాములు. సల్ఫైట్ నిండుగా ఉన్న నీళ్లలో మెటాల్ సరిగా కరగదు కనుక, చిటికెడు సల్ఫైట్ మాత్రం ముందు వేసి, మెటాల్ కరిగాక మిగిలినది వేయాలి. మెటాల్ కొందరి చర్మానికి పడదు, చేతి తొడుగులు తప్పనిసరి. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కావడంతో మందులు కలపడానికి క్యాను నీళ్లే వాడాను. హైపో లీటరుకు 250 గ్రాములు.

ఇక చీకటి. మా స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ రెండు మడతలు, తలుపు కింద తడి తువాలు పెట్టి, పది నిమిషాలు కళ్లు తెరుచుకుని కూర్చుంటే గాని వెలుతురు ఎక్కణ్ణుంచి కారుతున్నదో తెలియలేదు. తలుపు కాదు, కిటికీ కాదు, గీజరు మీది మిణుగురంత ఎర్రదీపం. ఎర్రదీపం కింద ఫిల్ము కడగవచ్చునని చాలామందికి గుర్తుండిపోయిన మాట ప్రింటు వేసే కాగితానికీ ఎరుపు చూడని ఆర్థో ఫిల్ముకూ చెల్లుతుంది గాని, ఎఫ్‌పీ4 పాంక్రోమాటిక్, ఎరుపును కూడా చూస్తుంది. ఆ దీపానికి ఎలక్ట్రీషియన్ల నల్ల టేపు అంటించాను. సమయం చూసుకోవడానికి గడియారం లోపలికి తెచ్చే వీలు లేదు కనుక, మా ఆవిడ తలుపు బయట కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, "రెండయ్యింది... మూడయ్యింది" అని నిమిషాలు పలికేది. ఒకసారి పక్కింటావిడతో మాటల్లో పడి అయిదు నుంచి ఏడుకు దూకింది, ఆ షీటు నల్లదనానికి బాధ్యత ఎవరిదన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

షీటును డెవలపర్‌లో వేయకముందు రెండు నిమిషాలు మామూలు నీళ్లలో నానబెడితే వెనుక పూసిన రంగు దిగిపోయి, జెలటిన్ సమంగా మెత్తబడుతుంది. ఆ తరువాత 20 డిగ్రీల డెవలపర్‌లో 7 నిమిషాలు, ట్రేలో ఒక మూల ఎత్తుతూ దించుతూ ఉండాలి. నీళ్లలో కలిపిన అసిటిక్ ఆమ్లంలో అర నిమిషం, ఆపైన హైపో. హైపోలో రెండు నిమిషాలు గడిచాక దీపం వేశాను. షీటు ఇంకా సగం పాలమీగడలా ఉంది, చూస్తుండగా ఆ మీగడ ఒక మూల నుంచి కరుగుతూ పోయి, వెనకాల పట్టీలు మెట్లుమెట్లుగా తేలాయి. పూర్తిగా నిర్మలం కావడానికి ఎంతసేపు పట్టిందో దానికి రెట్టింపుసేపు హైపోలో ఉంచాలన్నది పాత నియమం, ముసలి ఫిల్ముకు ఇంకో నిమిషం ఎక్కువైనా నష్టం లేదు.

ఆరిన షీటును కిటికీకి అడ్డుపెట్టి చూస్తే వెలుతురు చూడని పట్టీ కూడా పొగచూరిన లాంతరు చిమ్నీలా ఉంది, అంచుల వెంట మరీ నలుపు. లైట్ మీటరు మీద దాన్ని పెడితే రెండు స్టాపులు తగ్గింది, అంటే సాంద్రత 0.6, నూటికి పాతిక పాళ్ల వెలుతురే దాటుతోంది. 1, 2 సెకన్ల పట్టీలలో గొంగడి ఆ పొగలో మునిగిపోయింది. 8 సెకన్ల పట్టీలో దాని మడతలు లీలగా కనిపించాయి, 16లో స్పష్టంగా నిలిచాయి. సెకను దాటిన ఎక్స్‌పోజరుకు ఫిల్ము స్పందన మందగిస్తుంది కనుక, కాగితం మీద (125ను 16తో భాగిస్తే) 8 అని తేలిన వేగాన్ని 12గా తీసుకున్నాను. పదేళ్లకు ఒక స్టాపు లెక్క కూడా ఇంచుమించు ఇక్కడికే తెచ్చింది, అది నా అదృష్టం.

ఇక్కడే నాకు ఒక పట్టుదల ఉన్నది. ఫాగ్ కనిపించగానే డెవలపింగ్ సమయం తగ్గించమనీ, ఫాగ్‌ను అణిచే నిరోధకం పోయమనీ సలహాలు వస్తాయి. సమయం తగ్గిస్తే ఫాగ్‌తోపాటు బొమ్మ కూడా పలచబడుతుంది. నెగటివ్ అంతటా సమంగా పరుచుకున్న ఫాగ్ నిజానికి పెద్ద శత్రువు కాదు, ప్రింటు వేసేటప్పుడు కాస్త ఎక్కువసేపు వెలుతురిస్తే సరిపోతుంది. నష్టమల్లా నీడల్లోని సన్నని వివరం ఆ పొర కింద పూడిపోవడంలో ఉంది, దాన్ని పైకి తీసే మార్గం షూటింగులో ఎక్కువ వెలుతురివ్వడమే. అది చేశాకనే మందుల మాట. రెండో షీటుకు డెవలపర్‌లో బెంజోట్రయజోల్ అనే నిరోధకం 1 శాతం ద్రావణం లీటరుకు 15 మిల్లీలీటర్లు కలిపాను. ఫాగ్ రెండు స్టాపుల నుంచి ఒకటిన్నరకు దిగింది, వేగం కూడా కొంచెం తిన్నది. ఆ బేరం నాకు గిట్టుబాటే అనిపించి, 10 వేగంగా లెక్కవేసుకోవడం మొదలుపెట్టాను.

మూడో షీటు మీద కోట ద్వారం తీశాను. 1713లో కట్టిన ఆ గోడల ముందు ఎప్పుడూ జనమే అయినా, లెన్సు మూత తీసి ఉంచిన సెకన్లలో నడిచేవాళ్లెవరూ ఫిల్ముకు ఎక్కరు. తీరా కడిగితే ఎక్కనిది జనం మాత్రమే కాదు, కోట కూడా. షీటు మూలన ఉండే గాట్లు వేలికి కుడివైపు పైన తగిలితే మసాలా పూత, అంటే వెండి లవణం ఉన్న జెలటిన్ పొర, మనవైపు ఉన్నట్టు. ఆ తెల్లవారుజామున నేను దాన్ని తిప్పి ఎక్కించాను, వెలుతురు వెనుక రంగుపూతను దాటి రావలసి వచ్చింది. నాలుగో షీటుకు సరిగ్గా ఎక్కించి అదే చోట తీస్తే ద్వారం లోపలి చీకట్లో రాళ్ల సందులు కూడా వచ్చాయి.

పనిలో పడి చలికాలం దాటిపోయింది. జనవరిలో కుళాయి నీళ్లను 20 డిగ్రీలకు తేవడానికి ఐసు సీసా ఒక్కటి తొట్టిలో వేస్తే చాలేది. ఏప్రిల్లో డెవలపర్‌నూ హైపోనూ ఐసుతో చల్లబరిచి, ఆఖరి కడుగుడు మాత్రం బద్ధకించి మిద్దె మీది ట్యాంకు నీళ్లతో కానిచ్చాను. మధ్యాహ్నపు ట్యాంకు నీళ్లు మరుగుతున్నట్టే ఉంటాయని తెలిసి కూడా. షీటు అంచున జెలటిన్ చీర కుచ్చిళ్లలా ముడతలుపడి, వేలు తగలగానే జారిపోయింది. అన్ని తొట్లూ ఒకే వేడిమిలో ఉండాలి, ఒకటి వేడిగా ఉంటే మిగతావాటిలో పడ్డ శ్రమంతా దండగ. అప్పటి నుంచి ఎండాకాలంలో కడగవలసి వస్తే డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ లీటరుకు 100 గ్రాములు వేస్తున్నాను, జెలటిన్ ఎక్కువగా ఉబ్బకుండా అది పట్టి ఉంచుతుంది. అది వేసినప్పుడు సమయం కూడా పెంచుకోవాలి.

బాగా వచ్చిన షీటు బాబాయి గారిదే. కొత్త ఇంటి వసారాలో ఎండ పడని చోట కుర్చీ వేసి కూర్చోబెట్టి, లెన్సును ఎఫ్ 8కి తెరిచి 1 సెకను ఇచ్చాను. నేను ఏమీ చెప్పకముందే ఆయన గడ్డం కొంచెం దించి, భుజం పక్కకు తిప్పి, ఊపిరి బిగబట్టారు. మూత పెట్టాక, "నలభై ఏళ్లు ఆ మాటే సెప్పేను గదా" అన్నారు.

మర్నాడు నెగటివ్ తీసుకువెళ్లి ఇచ్చాను. ఆయన దాన్ని అంచులతో పట్టుకుని ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి, ఫాగ్ గురించి ఒక్క మాటా అనకుండా చాలాసేపు చూశారు. కట్ ఫిల్ము మీద పెన్సిలుతో ముడతలు దిద్దడం వాళ్ల కాలంలో ఒక పెద్ద పని. మసాలా వైపు సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెడితే, నెగటివ్‌లో నలుపు చేరిన చోట ప్రింటులో చర్మం తెల్లబడి మడత మాయమవుతుంది. "కంటి కింద ఉంచీ, ఈ మెడ కాడిది మాత్రం దిద్దాలి" అని, అటక మీంచి దిగిన సామానులో ఏ పెట్టెలో పెట్టారో తెలియని పెన్సిళ్ల కోసం కోడల్ని కేకేశారు.