మైనస్ ఒకటి

లోన్ మీద బండి కొందామని వెళ్తే, షోరూంలో కుర్రాడు నా పాన్ నంబర్ కొట్టి, కాసేపు స్క్రీన్ చూసి, "మేడం, మీకు సిబిల్ మైనస్ ఒకటి వస్తోంది" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే అమ్మ గాబరా పడింది. "మైనస్సా? ఏం తప్పు చేసినావే?"

తప్పు చేయలేదు. అసలు ఏమీ చేయలేదు, అదే ఇబ్బంది. సిబిల్ అంటే ఎవరు ఏ అప్పు తీసుకున్నారో, ఎలా కట్టారో రాసిపెట్టుకుని స్కోరు ఇచ్చే సంస్థ. ఆ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది, 750 దాటితే బ్యాంకులు బాగానే పలకరిస్తాయి. మైనస్ ఒకటి అంటే మనం మంచివాళ్లమో చెడ్డవాళ్లమో చెప్పడానికి వాళ్ల దగ్గర కాగితమే లేదని. ఆ కోపంలో అదే వారం ఇంకో రెండు చోట్ల లోన్‌కి అడిగాను. తెలివితక్కువ పని. అడిగిన ప్రతిసారీ అదీ రికార్డులో పడుతుంది.

నాకు నిజంగా మండింది వేరే దానికి. అనంతపురం పాతూరులో మా వీధి చివరి అంగడిలో మాకు ఖాతా ఉంది. ఎర్ర అట్ట నోటుబుక్కు, మూలలు నూనెకి నల్లబడిపోయాయి. ప్రతి నెలా నాయన లెక్క చూసుకుని కట్టేస్తాడు, అంగడాయన అడ్డంగా గీత కొడతాడు. నా చిన్నప్పటి నుంచీ ఆ గీతలు చూస్తున్నా. అమ్మ చీటీ ఒక్క నెల ఆగలేదు. అమ్మ గాజులు రెండుసార్లు కుదువ అంగడికి వెళ్లి రెండుసార్లూ తిరిగొచ్చాయి. ఇవేవీ సిబిల్‌కి తెలియవు. అదే బంగారం బ్యాంకులో కుదువ పెట్టుంటే రికార్డులో ఎక్కేది.

నేను పనిచేసే ల్యాబ్‌లో బిల్లింగ్ చూసే అక్క రికార్డు మొదలుపెట్టే దారి చెప్పింది. బ్యాంకులో 15,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకున్నాను. డిపాజిట్ వాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి పాత చరిత్ర గురించి పెద్దగా అడగలేదు. లిమిట్ 12,000. "అందులో మూడో వంతు కూడా వాడొద్దు, బిల్లు మాత్రం మొత్తం కట్టు" అంది అక్క. గ్యాసు, ఫోన్ రీచార్జి, అంతే వాడాను. మూడు నెలలు బుద్ధిగా నడిచింది.

నాలుగో నెల ఉగాది. అందరికీ బట్టలు, బిల్లు 6,400. కింద "కనీస మొత్తం 320" అని ఉంది. నాకది తగ్గింపులా కనిపించింది! 320 కట్టి హాయిగా పడుకున్నాను. మరుసటి నెల బిల్లులో వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. మిగిలిన బాకీ మీదే కాదు, కొత్తగా కొన్న గ్యాసు మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. కనీస మొత్తం కడితే ఎగ్గొట్టినట్టు రాయరు, నిజమే. కానీ డబ్బు కారిపోతూనే ఉంటుంది.

జేజికి అర్థం కావాలని మా లెక్కలో చెప్పాను: నూటికి నెలకి మూడున్నర రూపాయలు.

"మూడున్నరా?" జేజి తమలపాకు నమలడం ఆపింది. "కరువులో కూడా మా ఊర్లో మూడు దాటలేదు కదే! ఆ కార్డు ఎవురిచ్చినారు, వడ్డీ యాపారమోళ్లా?"

ఆ నెల జీతంలో బాకీ మొత్తం తీర్చేశాను. మా పిన్నమ్మ కొడుకు లోన్‌కి జామీను సంతకం అడిగితే, వాడు కట్టకపోతే నా రికార్డుకి కూడా దెబ్బేనని చెప్పి తప్పించుకున్నాను. వాడింకా మాట్లాడటం లేదు.

ఏడాది నిండాక రిపోర్టు తీశాను. మన దేశంలో సిబిల్ లాంటి సంస్థలు, దాంతో కలిపి, నాలుగున్నాయి. ప్రతిదాన్నుంచీ ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా వస్తుంది, మనది మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. నాకు 738. బండి వచ్చింది. ఈఎంఐ అయిదో తారీకు, జీతం ఏడున. అందుకని ఈఎంఐ కట్ అయ్యే బ్యాంకు ఖాతాలో ఒక నెల కిస్తీ ముందే వేసి పెట్టి దాని జోలికి పోను.

మొన్న రాత్రి నాయన మెడలో టేపుతోనే మిషన్ దగ్గర నుంచి లేచొచ్చి, "నాదీ చూడు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా టైలరు, బ్యాంకు మెట్లు అప్పు కోసం ఎక్కని మనిషి. ఓటీపీ అంకెలు ఒక్కొక్కటే చదివి చెప్పాడు. ఆయన పేరు మీద వివరాలేవీ లేవని వచ్చింది.

"అంటే నాదీ మైనస్ ఒకటే?"

"అంతే నాయనా."

"చూసినావా," అన్నాడు అద్దాలు సర్దుకుంటూ, "ఉగాది బట్టల మరక నీకుంది. నాకు అదీ లేదు."