పలమనేరులో టేపు పట్టిన రోజు

రేణిగుంట దగ్గర మా షెడ్డులో మాంసం కోసం కుందేళ్లు పెంచాలనుకున్నాక, ఏ జాతి కొనాలన్నదే పెద్ద టెన్షన్ అయింది. పలమనేరు దగ్గర తెలిసినాయన మూడు రకాలు పెంచుతున్నారంటే, జనవరిలో ఒక ఆదివారం తెల్లారకముందే బస్సెక్కాను. చిత్తూరు, బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ ఎక్కేసరికి చల్లగాలి కొట్టింది. కుందేలుకు ఆ చల్లదనం చాలా అవసరం. దానికి మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడిని ఎక్కువగా చెవుల్లోంచే వదులుకోవాలి.

షెడ్డులో న్యూజిలాండ్ వైట్, సోవియట్ చిన్చిల్లా, గ్రే జెయింట్ బోన్లు వరసగా ఉన్నాయి. నా చూపు జెయింట్ మీదికే పోయింది. "ఒళ్లు చూసి మురిసిపోవద్దు నాయనా, టేపు పట్టు" అన్నారాయన. మేత వేయకముందే తూకం వేయాలట, పొట్ట నిండితే లెక్క తప్పుతుంది. చెవులు పట్టి ఎత్తకూడదని చెబుతూ, మెడ వెనక చర్మం పట్టుకుని, రెండో చెయ్యి పిరుదుల కింద పెట్టి ఒక్కో పిల్లనూ బల్ల మీదికి తెచ్చారు. అన్నీ 12 వారాలవే.

ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవు తీస్తే ఒకే పిల్లకు ఒకసారి 33 సెంటీమీటర్లు, ఇంకోసారి 36 వచ్చింది. భయపడి ముడుచుకుంటే తగ్గుతుంది, సాగితే పెరుగుతుంది. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ వేసిన టేపు మాత్రం పెద్దగా మారలేదు. బరువు అంచనాకు ఆ చుట్టుకొలతనే ఎక్కువగా నమ్మొచ్చు. చెవి పొడవు జాతిని పోల్చుకోవడానికి పనికొస్తుంది గానీ, మాంసం లెక్కకు సాయపడదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది చేత్తో చూడటం. నడుమును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నొక్కితే, వైట్ పిల్లకు వెన్నెముక కండలో మునిగి ఉంది, తొడ గుండ్రంగా చేతినిండా అందింది. జెయింట్ పిల్ల తూకంలో 200 గ్రాములు ఎక్కువే, కానీ వేళ్లకు ఎముక తగిలింది. పెద్ద జాతులకు ముందు ఎముక సాగుతుంది, కండ పట్టడానికి ఇంకొన్ని వారాల మేత కావాలి. రెండు కిలోలకే అమ్మాలనుకునే నాలాంటివాడికి ఆ మేత ఖర్చు భారం. కోశాక బతికున్న బరువులో సుమారు సగమే మాంసం చేతికొస్తుంది మరి. చిన్చిల్లా బొచ్చు చాలా అందంగా ఉంది, కండలో మాత్రం వైట్‌కు కాస్త వెనకే అనిపించింది.

వైట్‌లో రెండు ఆడవి, వేరే ఈతలోంచి ఒక మగది తీసుకున్నాను. "ఎండాకాలం మగదాన్ని చల్లగా చూసుకో, వేడి తగిలితే దాటించినా చూలు నిలవదు" అని రెండుసార్లు చెప్పారాయన. ఘాట్ దిగుతుంటే ఎండ మొదలైంది. గంప మీద కప్పిన గోనెసంచిని చిత్తూరు బస్టాండులో మళ్లీ తడిపి, తిరుపతి బస్సులో నీడ పడే వైపు కూర్చున్నాను.