ఓడలో ఫార్మల్ నైట్‌కు మన పట్టుబట్టలు చాలు

క్రూయిజ్ అంటే ఓడ విహారయాత్ర టికెట్‌తో వచ్చే కాగితాల్లో ‘ఫార్మల్ నైట్’, అంటే భోజనానికి అందరూ ముస్తాబై రావాల్సిన రాత్రి, అని కనిపించగానే మన వైపు చాలామంది నల్ల సూటు, బో టై కోసం బరంపురం బజారంతా తిరుగుతున్నారు. అక్కడ నచ్చకపోతే రైలెక్కి విశాఖ వెళ్లి వేలకు వేలు పోసి కొంటున్నారు. ఒక్క రాత్రి కోసం, అలవాటు లేని ఆ బట్టల కోసం అంత ఖర్చు అక్కర్లేదు. సూటుకు బదులు ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులు వాళ్లు వేసుకోవచ్చని చాలా ఓడ కంపెనీలు ఒప్పుకుంటాయి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగిళ్లలో పెళ్లిళ్లకు బీరువాలోంచి తీసే పట్టుచీరలు, మెడ మూసిన బంద్‌గలా కోట్లు ఆ రాత్రికి నిండుగా సరిపోతాయి. అవి ఓడ గదిలోకి నలగకుండా చేరడం, అక్కడి మెట్ల మీద, గాలిలో జారకుండా నిలవడమే అసలు పని.

ముందు మీ ఓడ నియమం చూసుకోండి, అన్నిటికీ ఒకటే పద్ధతి లేదు. ఓడ కంపెనీల్లో అందరికంటే పట్టింపు ఎక్కువ ఉన్నది క్యూనార్డ్. అక్కడ ‘గాలా’ అని పిలిచే ఫార్మల్ రాత్రుల్లో సాయంత్రం 6 దాటాక మగవాళ్లు డిన్నర్ జాకెట్ గానీ, టైతో ముదురు రంగు సూటు గానీ, దానికి సమానమైనది గానీ వేసుకోవాలి. కార్నివాల్ ఇదే సంగతిని ‘క్రూయిజ్ ఎలిగెంట్’ అంటుంది, కొంత సడలింపుతో. సెలబ్రిటీ వాళ్లు పాత ఫార్మల్ నైట్ తీసేసి ‘ఈవినింగ్ చిక్’ (సూటు లేకున్నా హుందాగా ఉంటే చాలు) పెట్టారు. నార్వేజియన్‌లో తప్పనిసరి ఫార్మల్ నైట్ అన్నదే లేదు. రాయల్ కరీబియన్ లాంటి ఓడల్లో మూడు నుంచి ఐదు రాత్రుల ప్రయాణమైతే మామూలుగా ఒక ఫార్మల్ రాత్రి, వారమైతే రెండు. మొదటిది ఎక్కువగా ఓడ ఏ రేవులోనూ ఆగకుండా సముద్రం మీదే ఉండే రోజున పెడతారు. ఊళ్లు తిరిగి అలసి వచ్చిన రోజున ముస్తాబవడానికి ఎవరికీ ఓపిక ఉండదు కదా. ఏ రోజో కంపెనీ యాప్‌లో కనిపిస్తుంది, గదికి వచ్చే రోజువారీ కార్యక్రమాల కాగితంలోనూ ఉంటుంది.

నియమం ముఖ్యంగా వర్తించేది ప్రధాన భోజనశాలకు, కొన్ని ప్రత్యేక రెస్టారెంట్లకు. బఫేలో మామూలు బట్టలతో తినొచ్చు. క్యూనార్డ్‌లో మాత్రం గాలా రాత్రి ముస్తాబు కానివాళ్లకు బఫేతో పాటు కొన్ని చోట్లే మిగులుతాయి, కాబట్టి అక్కడ తేలిగ్గా తీసుకోవద్దు. నిక్కర్లు, బనియన్లు, ఈత దుస్తులు, హవాయి చెప్పులతో వస్తే భోజనశాల గుమ్మం దగ్గరే మర్యాదగా ఆపి బఫే వైపు పంపుతారు.

ఇక చీర సంగతి. బరంపురం పట్టు ఈ సందర్భానికి ఎంతో బాగుంటుంది. అంచున గుడి గోపురాల వరసలా వచ్చే ఫోడా కుంభ నేత దూరానికి కూడా తెలుస్తుంది, భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న నేత అది. పైగా ఓడ లోపల ఏసీ గట్టిగా ఉంటుంది, పట్టు చలిని కాస్త ఆపుతుంది. కానీ కిలో దాకా తూగే బరువు జరీ చీర వద్దనే నా మాట. విమానం సామానులో బరువు, మెట్ల మీద మోత, జారితే మళ్లీ కట్టుకోవడం కష్టం. అరకిలో, ముప్పావు కిలో మధ్య ఉండే చిన్నంచు పట్టు అన్నిటికీ అనుకూలం.

ఓడ గది చాలా చిన్నది. ఇద్దరు ఒకేసారి తయారవడానికే చోటు చాలదు, చీర పరిచి కుచ్చిళ్లు పెట్టుకోవడం ఇంకా ఇబ్బంది. అందుకే ఇంటి దగ్గరే కుచ్చిళ్లు పెట్టి, ఇస్త్రీ చేసి, బాక్స్ ఫోల్డింగ్, అంటే ఆ కుచ్చిళ్లు చెదరకుండా చీరను పెట్టెలా మడత పెట్టడం, చేయించుకోండి. చేయించే ముందు ఓడలో వేసుకోబోయే చెప్పులే తొడుక్కుని, లంగా బిగించుకుని, చీర ఒకసారి పూర్తిగా కట్టుకోవాలి. కొలత అప్పుడే సరిగ్గా వస్తుంది. పైట కుచ్చిళ్లు నాలుగైదు అంగుళాల వెడల్పున ఐదారు పెట్టి, వెనక మోకాలి దాకా వేలాడేలా చూసి, భుజం దగ్గర క్లిప్పు పెట్టండి. నడుము కుచ్చిళ్లు ఆరో ఏడో చాలు. అంచు నేలకు ఒక అంగుళం పైన ఉండాలి. పెళ్లి పందిట్లో అంచు నేలను రాసినా ఫరవాలేదు గానీ, ఓడలో డెక్ తలుపులకు ఎత్తయిన ఇనుప గడపలుంటాయి, కాలు తట్టుకుంటే పడతారు. ఇస్త్రీ పెట్టెను ‘సిల్క్’ గుర్తు దగ్గరే ఉంచి, జరీ మీద పల్చటి నూలు గుడ్డ వేసి రుద్దాలి. నీళ్లు చిలకరిస్తే పట్టు మీద మరకలు పడతాయి.

కట్టుకున్నాక ఆరు నుంచి ఎనిమిది పిన్నీసులు పడతాయి: భుజం మీద రెండు, కుచ్చిళ్ల దగ్గర రెండు, పైట రవికెను తాకే చోట ఒకటి, మిగిలినవి అవసరాన్ని బట్టి. పట్టులో పిన్నీసు చుట్ట దగ్గర దారాలు ఇరుక్కుని చిరుగుతాయి. ముందుగా ఒక చిన్న పూసను పిన్నీసులోకి ఎక్కించి చుట్ట దాకా జరిపి, తర్వాత గుచ్చండి. పూస గుడ్డను చుట్టలోకి పోనివ్వదు. డెక్ మీదికి వెళ్లేటప్పుడు పైట కొసను ముందుకు తెచ్చి చేత్తో పట్టుకోవాలి, ఓడ నడుస్తున్నప్పుడు గాలి తోపు ఎక్కువ. సన్నటి హై హీల్స్ వద్దు. ఓడ కాస్త ఊగినా మడమ మెలిపడుతుంది. ఒకటిన్నర అంగుళం మించని వెడల్పు మడమ గానీ, రబ్బరు అడుగున్న చెప్పు గానీ వాడండి. శాలువా ఒకటి చేతి సంచిలో ఉండాలి.

మగవాళ్లకు నేను చెప్పేది బంద్‌గలా. మెడ మూసి ఉంటుంది కాబట్టి టై గొడవే లేదు, తర్వాత పెళ్లిళ్లకూ పనికొస్తుంది. కోటు, ప్యాంటు కలిపి కుట్టించడానికి 58 అంగుళాల పన్నా గుడ్డ సుమారు 3.25 మీటర్లు పడుతుంది. మనిషి లావైతే మరికొంత. నల్లటి నీలం, నలుపు, ముదురు మెరూన్ రంగుల్లో ఉన్ని కలిసిన గుడ్డ తీసుకుంటే మడతలు త్వరగా విప్పుకుంటాయి. పూర్తి పాలియెస్టర్ అయితే దీపాల కింద మెరుస్తుంది, చెమట పీల్చదు. టైలరు దగ్గర ట్రయల్ రెండుసార్లు తప్పదు. మొదటి ట్రయల్‌లో భుజం కుట్టు, చంక చూడాలి. రెండోదానిలో కాలరు. హుక్కు పెట్టాక మెడకూ కాలరుకూ మధ్య ఒక వేలు దూరాలి, అంతకంటే బిగువైతే భోజనం మింగుడు పడదు. కాలరు లోపల బిగువు కోసం వేసే బక్రం గుడ్డ పల్చనైతే రెండు గంటల్లో మెడ దగ్గర కుంగిపోతుంది, గట్టిది వేయమని ముందే అడగండి. కోటు వేసుకుని గుండీలన్నీ పెట్టి కుర్చీలో కూర్చోండి. పొట్ట దగ్గర కాజాలు లాగినట్టు కనిపిస్తే టైలరు అక్కడ కొంత వదలాలి. చొక్కా కఫ్ కోటు చెయ్యి కింద పావు అంగుళం కనబడితే అందం. కాళ్లకు ముందు భాగం మూసిన తోలు బూట్లు గానీ మోజిరీలు (షేర్వానీల కిందికి వేసే సంప్రదాయ జోళ్లు) గానీ. వేళ్లు కనబడే చెప్పులు మగవాళ్లకు చాలా భోజనశాలల్లో ఒప్పరు.

పంచె కట్టుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. పట్టు జోడు, అంటే పట్టు పంచె, ఉత్తరీయం, దాని మీదికి పొడుగు చేతుల పట్టు చొక్కా లేదా కుర్తా ఉంటే అది సంప్రదాయ దుస్తే. అయినా ప్రయాణానికి ముందు కంపెనీకి ఒక మెయిల్ రాసి, వాళ్ల జవాబు ఫోనులో ఉంచుకోండి. గుమ్మం దగ్గర నిలబడే ఉద్యోగికి మన పంచె తెలియకపోవచ్చు. కుచ్చె పోసి కట్టేది గట్టిగా నిలవాలి, అలవాటు లేనివాళ్లు కుట్టిన రెడీమేడ్ పంచె తీసుకోవడమే మేలు. నలిగిన నూలు కుర్తా పైజమా ఫార్మల్ రాత్రికి పనికిరాదు, రాత్రి బట్టలనుకుంటారు.

మిగిలిన సాయంత్రాలు ‘స్మార్ట్ క్యాజువల్’. కాలరు చొక్కా, ప్యాంటు మగవాళ్లకు చాలు. ఆడవాళ్లకు కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత చీరలు, దుపట్టాలు చక్కగా సరిపోతాయి. ఆల్ చెట్టు వేరుతో అద్దిన ఆ ముదురెరుపు, గోధుమ రంగులకు వేరే నగలు అక్కర్లేదు. బొమ్కాయి నూలు చీర కూడా బాగుంటుంది. పిల్లలకు కుర్తా, పరికిణీ వేస్తే ఎవరూ ఏమీ అనరు.

సామాను దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. రేవులో అప్పగించిన పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు, ఒక్కోసారి భోజనం వేళ కూడా దాటుతుంది. మొదటి రాత్రి బట్టలు, మందులు, నగలు చేతి సంచిలోనే ఉంచుకోండి. ఇస్త్రీ పెట్టె, ఆవిరి ఇస్త్రీ గదిలోకి తేనివ్వరు. నిప్పు భయం వల్ల తనిఖీలో తీసుకుని దిగేటప్పుడు ఇస్తారు. క్యూనార్డ్, ప్రిన్సెస్ లాంటి వాటిలో ప్రయాణికులు వాడుకునే లాండ్రీ గదుల్లో ఇస్త్రీ బల్ల ఉంటుంది, రాయల్ కరీబియన్‌లో అలాంటి గదులు లేవు, డబ్బిచ్చి చేయించుకోవాలి. ఉన్ని కోటును వేడినీళ్ల స్నానం ఆవిరిలో పావుగంట వేలాడదీస్తే మడతలు పోతాయి. జరీ పట్టుకు ఈ పని చేయకండి, తడి చుక్క పడితే మరక నిలుస్తుంది.

పెట్టెలో చీరను పాత నూలు పంచెలో చుట్టి అన్నిటికంటే పైన పెట్టాలి. అత్తరు గానీ స్ప్రే గానీ చీర కట్టక ముందే ఒంటికి రాసుకుని ఆరనివ్వాలి, జరీ మీద పడితే నల్లబడుతుంది. రాత్రి గదికి వచ్చాక చీరను వెంటనే మడవకుండా కాసేపు ఆరబెట్టండి. చాలా ఓడల్లో గది గోడలు లోహపువే, నాలుగు అయస్కాంతపు కొక్కేలు పట్టుకెళ్తే దానికి చోటు దొరుకుతుంది. ఇంటికొచ్చాక పాత మడతల మీద కాకుండా వేరే చోట మడిచి పెట్టండి, ఒకే మడత మీద ఏళ్లుంటే జరీ తెగేది అక్కడే.