కెమిస్ట్రీ రెండుసార్లు

శనివారమంతా యూకాస్ అప్లికేషన్‌కే, అంటే ఇక్కడ ఇంగ్లండులో యూనివర్సిటీ సీట్ల కోసం పెట్టేదానికే సరిపోయింది. మా అమ్మాయికి ఎ-లెవెల్స్‌లో (మన ఇంటర్ లాంటివి) బయాలజీ బి, మ్యాథ్స్ సి, కెమిస్ట్రీ డి వచ్చాయి. ఫార్మసీ చదువుతానన్న పిల్లకి కెమిస్ట్రీలో డి అంటే ఇక చెప్పేదేముంది. ఆగస్టులో మిగిలిన సీట్లు నింపే క్లియరింగ్‌లో వేరే కోర్సు ఏదో ఒకటి దొరికేదే, వద్దంది, మళ్లీ రాస్తానంది. నేను సరేనన్నాను గానీ మా ఆయన ఇప్పటికీ "ఏడాది పోయిందిగా" అని నాకు వినపడేలా గొణుగుతూనే ఉంటారు.

మన ఇంటర్‌లో అయితే వేసవిలోనే సప్లిమెంటరీ రాసేసి అదే ఏడాది ఎక్కడో ఒకచోట చేరిపోవచ్చు. ఇక్కడ ఇంగ్లండులో నవంబరు రీసిట్లు (మళ్లీ రాసే పరీక్షలు) మన టెన్త్ లాంటి జీసీఎస్ఈలో ఇంగ్లిష్, మ్యాథ్స్‌కే, ఎ-లెవెల్ వాళ్లు మళ్లీ మే-జూన్ దాకా ఆగాల్సిందే, పైగా మార్కులు తగ్గిన పేపరొక్కటే రాస్తానంటే ఒప్పుకోరు, కెమిస్ట్రీ మూడు పేపర్లూ మళ్లీ రాయాలి. ప్రాక్టికల్స్ పాసైంది మాత్రం అలాగే ఉంటుందట, అదొక్కటే ఊరట. క్లాసులకి రానివ్వం గానీ ప్రైవేట్ కాండిడేట్‌గా పరీక్ష రాయనిస్తామంది చదివిన స్కూలు. బోర్డుకి పేర్లు ఫిబ్రవరి 21 లోపు వెళ్లాలి కాబట్టి ఫీజు జనవరిలోనే కట్టేయమన్నారు.

అప్లికేషన్‌లో చదువుల పేజీ దగ్గర పిల్ల ఆగిపోయింది. "అమ్మా, పాత గ్రేడ్ పెట్టకుండా రీసిట్ ఒక్కటే చూపిస్తే?" అంది. కుదరదు, వచ్చిన గ్రేడ్లన్నీ చెప్పాలి, రాయబోయేవి పెండింగ్ అని విడిగా పెట్టాలి. అలా కెమిస్ట్రీ రెండుసార్లు పడింది, 2025లో డి, 2026కి పెండింగ్. "ఒకదాని కింద ఒకటి చూస్తుంటే ఇంకా దరిద్రంగా ఉంది" అంది. రెండుచోట్లా స్పెల్లింగ్ కరెక్టుగానే ఉందిలే అన్నాను. నవ్వలేదు.

పర్సనల్ స్టేట్‌మెంట్ (ఈ కోర్సు ఎందుకో మన గురించి మనం రాసుకునేది) 2026 ప్రవేశాల నుంచి ఒకే పెద్ద వ్యాసం కాదు, మూడు ప్రశ్నలు, అన్నీ కలిపి 4,000 అక్షరాలు. ఇప్పటిదాకా చదివింది ఈ కోర్సుకి నిన్నెలా తయారు చేసింది అనేది రెండోది. దానికి పేపర్ ఎంత కష్టంగా వచ్చిందో నాలుగు లైన్లు రాసిపెట్టింది, తీసేయమన్నాను, అదే పేపర్ దేశమంతా రాసింది కదా. కాసేపు మూతి ముడుచుకుని, తెప్పించుకున్న జవాబు పత్రం ముందేసుకుంది. రియాక్షన్‌లో ఎలక్ట్రాన్లు ఎటు వెళ్తాయో చూపించే ఆర్గానిక్ మెకానిజమ్స్‌లో బాణం లోన్ పెయిర్ (బాండ్‌లో లేని ఎలక్ట్రాన్ల జత) నుంచో, బాండ్ నుంచో మొదలవ్వాలట, ఇది చాలాచోట్ల నేరుగా హైడ్రోజన్ అక్షరం మీంచి గీసేసింది, మార్కులు అక్కడే జారాయి. ఇప్పుడు నోట్‌బుక్ నిండా ఎర్ర పెన్నుతో ఆ బాణాలే. ఆ సంగతే రాయి అంటే, "ఇది కూడా రాస్తారా ఎవరైనా?" అంది గానీ రాసింది. నాకైతే మొత్తం స్టేట్‌మెంట్‌లో అదొక్కటే నిజంగా తను రాసినట్టు అనిపించింది.

రిజల్ట్స్ వచ్చాకే అప్లై చేస్తే పోలా అంటారు మా ఆయన. అలా చేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఇప్పుడే పెడితే ఏ గ్రేడ్ తెస్తే సీటిస్తారో ఆఫర్‌లోనే చెప్తారు, చదివే పిల్లకి ముందొక లెక్క ఉంటుంది, ఊరికే "బాగా చదువు" అనడం కంటే అది నయం. గడువు 2026 జనవరి 14 సాయంత్రం ఆరు. యూనివర్సిటీలకి ముందే మెయిల్ పెట్టి రీసిట్లు ఒప్పుకుంటారా అని అడగడం మంచిదైంది, ఒకచోట రీసిట్ వాళ్లకి ఒక గ్రేడ్ ఎక్కువ కావాలన్నారు, దాన్ని కొట్టేశాం.

మధ్యాహ్నం నానమ్మ ఫోను, "ఏ కాలేజీలో చేరిందే మనవరాలు?" అని. నేనేదో సర్దిచెప్పబోతుంటే పిల్లే ఫోను లాక్కుని "మార్కులు రాలేదు నానమ్మా, మళ్లీ రాస్తున్నా" అనేసింది. అట్నుంచి "ఏం పర్లేదులే, తింటున్నావా?" అని వినిపించింది, అంతే, మేం మూణ్ణెల్లుగా పడుతున్న టెన్షన్ అంతా దేనికో మరి.

అప్లికేషన్‌లో పెట్టే ఐదు యూనివర్సిటీ ఛాయిస్‌లలో నాలుగు అయ్యాయి. ఐదోది ఇంటికి దగ్గరగా ఉండాలని ఆయన, వీలైనంత దూరంగా ఉండాలని అది. నన్ను మధ్యలోకి లాగొద్దని ఇద్దరికీ చెప్పేశాను.