అమ్మకానికి పెట్టి లోపాలు చదవడం

"ముందు తిరగెయ్, పళ్లు తర్వాత చూద్దువుగాని." ఆమ్‌స్టర్‌డామ్‌లో పాత చిత్రాలు వేలం వేసే సంస్థల్లో చేరినవాళ్లకి మొదట పడే చీవాట్లు ఇవే. 17వ శతాబ్దపు పళ్ల బొమ్మ బల్ల మీదికి రాగానే మన చూపు ద్రాక్షగుత్తి మీదికో, సగం ఒలిచి వేలాడేసిన నిమ్మతొక్క మీదికో పోతుంది. సీనియర్లకి అది గిట్టదు.

ఓక్ చెక్క మీద వేసినదైతే సాధారణంగా వెనక నాలుగంచులూ ఏటవాలుగా చెక్కి ఉంటాయి. ఒక పక్క మాత్రం మొండిగా ఉంటే అటువైపు ఎవరో కోసేశారేమోనని చూడాలి. చెక్కని చిత్రిక పట్టి పల్చన చేసి, అడ్డపట్టీలు బిగించి ఉంటే మరీ జాగ్రత్త. వంకర తీయడానికి 19వ శతాబ్దంలో తెగ చేసిన పని అది. చెక్క తేమకి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పట్టీలు దాన్ని కదలనివ్వకపోతే పగులు బొమ్మలోకే వస్తుంది. గుడ్డ మీద వేసినదైతే వెనక ఇంకో గుడ్డ అతికించారేమో చూడాలి. మైనంతో అతికి వేడి ఇస్త్రీ పెట్టి నొక్కితే, నిమ్మతొక్క మీద ఉబ్బెత్తుగా నిలవాల్సిన రంగు చదునైపోతుంది.

అప్పుడు ముందువైపు. గది చీకటి చేసి అల్ట్రావయొలెట్ దీపం వేస్తే పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, తర్వాత దిద్దినచోట్లు నల్లగా కనిపిస్తాయి. వార్నిష్ మందంగా ఉంటే దిద్దుబాట్లు దాని కింద దాక్కుంటాయి, ఒక్క దీపాన్నే నమ్మకూడదు. ఆకులు నీలంగా ఉన్నాయని కంగారుపడొద్దు. నీలంతో కలిసి పచ్చదనమిచ్చిన పసుపు, వెలుతురుకి వెలిసిపోయిందంతే. సంతకం రంగు పాత పగుళ్లలోకి దిగి ఉంటే అది తర్వాత ఎవరో చేర్చింది. టైటానియం తెలుపు దొరికిందా, ఆ చోటు 20వ శతాబ్దంలోనో, ఆ తర్వాతో పూసిందే.

ఇవన్నీ ఒక రిపోర్టుగా రాసి, అడిగినవాళ్లందరికీ వేలానికి ముందే ఇచ్చేస్తారు. మింగుడుపడనిది ఇదే. సరుకు మనదై ఉండి లోపాలు మనమే చదివి వినిపించడమేమిటి? ఇలాంటి బొమ్మలకి పేరుపడ్డ 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు విల్లెం కాల్ఫ్ పేరు పక్కన 'అనుచరుడు' అని చేరిస్తే, అంటే ఆయన కాదు, ఆయన పద్ధతిలో ఇంకెవరో వేశారంటే, ధర ఎక్కడికో పడిపోతుంది. చేర్చేదీ ఆ అమ్మేవాళ్లే! మన దగ్గర లోపాలు వెతుక్కునేది కొనేవాళ్లే. మనవాళ్లకి చూడ్డం రాక కాదు. నూజివీడు మామిడి బుట్టలో అడుగు పండు తీసి, తొడిమ దగ్గర వాసన చూడందే ఎవరు కొంటారు?

అన్నట్టు, డచ్చి కంపెనీ 1606కల్లా మచిలీపట్నంలో వ్యాపారానికి దిగింది. మన అద్దకం గుడ్డలు ఓడలెక్కాయి. మామిడి నెలల ప్రయాణానికి ఆగదు కదా. ఈ బొమ్మల్లో చైనా గిన్నె ఉంటుంది, మధ్యధరా నిమ్మ ఉంటుంది, మన పండు ఉండదు. కాస్త కడుపుమంటే.

ఇంత చెప్పినవాళ్లు షరతుల్లో మాత్రం 'ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం' అనే రాస్తారు. ఈ రిపోర్టు హామీ కాదనీ, కొనేవాళ్లు స్వయంగా చూసుకోవాలనీ కిందే ఉంటుంది. డబ్బున్నవాళ్లు సొంత నిపుణుణ్ణి పంపుతారు. లేనివాళ్లు కనీసం చట్రంలోంచి తీసి తీసిన ఫొటోలు, నాలుగంచులతో సహా, అడిగి తెప్పించుకోవాలి.